ఎర్రనీరు వచ్చిన దారి

ఈ ఏడాది ఆషాఢం సగం గడిచేసరికి మా పాయలోకి ఎర్రనీరు వచ్చింది. తెల్లవారుజామున ఏటిగట్టు ఎక్కుతూండగా, నీరు కంటపడక ముందే వాసన ఆ సంగతి చెప్పింది. పచ్చి మట్టి, మాగిన ఆకు, నానిన వెదురు కలిసిన ఆ వాసన, వేసవి అంతా సముద్రపు పోటుకు ఉప్పదేలి తేటగా ఉండే మా నీటిది కాదు. మా కోనసీమలో ఆ వాసన తగిలితే అందరికీ పులస గుర్తుకు వస్తుంది. సముద్రం విడిచి ఏటికి ఎదురీదే ఆ చేప ఈ నీటి కోసమే కాచుకుని ఉంటుందని వింటూ పెరిగాం. నాకు మాత్రం నలభై ఏళ్ళుగా ఆ వాసన తగిలినప్పుడల్లా అరికాళ్ళ కింద జారే రాయి, నెత్తిన వెదురు గిడుగు, పక్కన చుట్ట వెలిగించుకుని వాగు ఒడ్డున కూర్చున్న ఒక పెద్దమనిషి గుర్తుకు వస్తారు.

మా ఊళ్ళో ఏటిగట్టును మించిన ఎత్తు లేదు. కొబ్బరిచెట్టు ఎక్కినవాడికి కూడా నాలుగు దిక్కులా కొబ్బరితలలే కనిపిస్తాయి. అటువంటి చోట పుట్టిన నాకు కొండ అంటే మొదట తెలిసింది నీటికుండ అడుగున పేరుకున్న ఒండ్రుగానే. కుళాయిలు లేని ఆ రోజుల్లో రేవునుంచి కావిడితో తెచ్చిన నీళ్ళే తాగేవాళ్ళం. ఎర్రనీటి రోజులు రాగానే మా నాయనమ్మ కొత్త కుండ తీసి, దాని లోపలి గోడకు చిల్లగింజను గరగరమని అరగదీసి, ఆపైన నీళ్ళు పోసి మూత పెట్టేది. మర్నాటికి పైనీరు అద్దంలా తేరి, అడుగున బెత్తెడు ఎర్రటి మెత్తటి మట్టి మిగిలేది. ఆ మట్టిని ఆమె ఎన్నడూ వీధిలో పారబోయలేదు. పెరట్లో గుమ్మడిపాదుకు పోసేది. "కొండమట్టి నాయనా, ఎక్కడినుంచో మనకోసం నడిచొచ్చింది" అనేది. ఎక్కడి కొండ అని అడిగితే "ఎగువన" అని ఊరుకునేది. పుష్కరాలకు రాజమండ్రి వెళ్ళిరావడం తప్ప ఆమె ఏనాడూ ఎగువకు పోలేదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచివచ్చే నదిని ఆమె ఆ ఒక్క మాటలో ఇమిడ్చింది. చిల్లగింజలు అంగట్లో దొరికేవి. అవి ఏ చెట్టువో మాలో ఎవరమూ అడగలేదు.

*

నాకు ఉద్యోగం మన్యంలో వచ్చింది. మలేరియా విభాగంలో, ఊరూరా తిరిగి జ్వరం వచ్చినవాళ్ళ రక్తం గాజుపలకల మీద తీసుకునే పని. పదిహేను రోజులకొకసారి ప్రతి గడపా తొక్కాలన్నది నియమం. కాగితం మీద ఆ నియమానికి వానాకాలం, ఎండాకాలం అన్న తేడా లేదు. జ్వరాలు ముదిరేది మాత్రం వానలతోనే కాబట్టి, దారులు మూసుకుపోయే నెలల్లోనే మేము ఎక్కువగా నడవాల్సివచ్చేది.

ఇంటినుంచి బయలుదేరితే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగి, ద్రాక్షారామం మీదుగా రాజమండ్రి చేరి, అక్కడ మన్యం బస్సు పట్టుకోవాలి. కోరుకొండ, గోకవరం దాటేదాకా దారి మా దారిలాగే ఉండేది: పొలాలు, బోదెలు, తాటిచెట్లు. గోకవరం దాటాక బస్సు గొంతు మారేది. డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ ఇంజను మూలుగు బరువెక్కి, కిటికీలోంచి వచ్చే గాలిలో చెమ్మ పెరిగి, రంపచోడవరం చేరేసరికి చలి ఒళ్ళు తాకేది. ఆ బస్సులో ఎప్పుడూ ఎండుచేపల గంపలు ఉండేవి. మా సముద్రతీరపు ఆడవాళ్ళు ఎండు రొయ్యలు, ఉప్పుచేప కట్టలు పట్టుకుని సంతలకు వెళ్ళి, తిరుగుప్రయాణంలో చింతపండు, పసుపు, పిక్క తీయని కుంకుళ్ళు తెచ్చుకునేవారు. తడిసిన గోనెసంచీ, ఎండుచేప, డీజిలు, తడి చొక్కాలు కలిసిన ఆ వాసన మధ్య కూర్చుని, మారేడుమిల్లి వైపు లేస్తున్న కొండలను మొదటిసారి చూసినప్పుడు నాకు భయమే వేసింది. కొండ తల కనిపించలేదు. సగం దాకా పచ్చదనం, ఆపైన మబ్బు. ఎక్కడ ఆగుతుందో తెలియని ఎత్తు అది.

రంప అన్న పేరు నాకు పాఠ్యపుస్తకంలోనే పరిచయం. 1879లో ఈ కొండల్లో రంప పితూరీ పేరుతో లేచిన తిరుగుబాటు, తరువాత 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం చదువుకున్నాను. వానలో ఆ దారులు నడిచాకే, వలస ప్రభుత్వపు పటాలానికి ఈ అడవి అన్నేళ్ళు ఎందుకు లొంగలేదో నా మోకాళ్ళకు అర్థమైంది.

*

నాతో నడవడానికి కొండరెడ్డి తెగకు చెందిన ఒక పెద్దాయన కుదిరాడు. రక్తపు పలకల చెక్కపెట్టె, మాత్రల సంచి ఆయన మోసేవాడు, నేను రిజిస్టరు, గొడుగు పట్టుకునేవాణ్ణి. వెదురుపొదల మధ్య గొడుగు విప్పితే కొమ్మలు పట్టుకుని చించేస్తాయని మొదటి వారంలోనే తెలిసింది. వెదురు తడకల మధ్య అడ్డాకులు పరిచి అల్లిన గిడుగు ఆయనే నాకు చేసి ఇచ్చాడు. రబ్బరు చెప్పులు విప్పించి, కాలివేళ్ళతో రాతిని పట్టుకోవడం నేర్పాడు. "మడమ మీద నడవకండి సారూ, వేలు మీద నడవండి. వేలికి కళ్ళుంటాయి" అనేవాడు.

మా నేలన వాన నిలబడుతుంది. వచ్చిన నీరు చేలోకి, చేలోంచి బోదెలోకి, బోదెలోంచి మురుగుకాలువలోకి బద్ధకంగా పోతుంది. వరద వచ్చినా అంగుళం అంగుళం లెక్కపెట్టుకునే వ్యవధి ఇస్తుంది. గట్టు మీద పుల్ల గుచ్చి, సాయంత్రానికి ఎంత మునిగిందో చూసుకునే అలవాటు మా ఊరి పిల్లలందరికీ ఉంది. వరద తగ్గుముఖం పట్టి "గోదారి లాగుతోంది" అన్న మాట వినడానికి నాలుగేసి రోజులు కాచుకోవాలి. కొండవాగు అలాంటిది కాదు. మీద ఎండ కాస్తూండగానే, మనకు కనిపించని ఏ మలుపు వెనకో కురిసిన వాన వాగులోకి దిగివస్తుంది. ఒకనాడు వాలమూరు అవతల చీలమండ లోతు నీరున్న వాగులో నేను కాలు పెట్టబోతే పెద్దాయన భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. నాకేమీ తేడా కనబడలేదు. ఆయన నీటి మీద తేలి వస్తున్న నాలుగు పచ్చి ఆకులను చూపించాడు. ఎండుటాకు వస్తే ఫరవాలేదట, పచ్చాకు తెగివచ్చిందంటే పైన వాగు ఒడ్డుల్ని కోస్తోందట. ఆ మాట పూర్తయ్యేలోపే నీటి రంగు చిక్కబడింది. తరువాత దూరంగా బండ్లు వంతెన మీద పోతున్నట్టు గుడగుడమని చప్పుడు వినిపించింది. అది నీటి అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు. చూస్తూండగానే మేము దాటాల్సిన చోట నడుము లోతు ఎర్రటి ప్రవాహం ఉరికింది.

నేను కంగారుపడి, చీకటి పడేలోపు అవతలి పల్లెకు చేరాలన్నాను. ఆయన బండ మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. "కూకోండి సారూ. వాగు మనకోసం రాలేదు, దాని పని మీద అది వచ్చింది. దాని దారిన అది పోద్ది." రెండు గంటల తరువాత నిజంగానే వాగు తీసింది. ఒడ్డున గడ్డి అంతా ఒకే వైపుకు దువ్వినట్టు పడుకుని ఉంది. ఇద్దరం ఎగువకు ముఖం పెట్టి, కర్రను ముందు ఆనించి, ఒక కాలు కుదిరాకే రెండోది ఎత్తుతూ దాటాం. ఇంకొన్ని వాగులకు ఈ ఒడ్డు చెట్టునుంచి ఆ ఒడ్డు చెట్టుకు అడ్డతీగ కట్టి ఉండేది. అడ్డతీగల అనే ఊరిపేరులో ఉన్నది ఆ తీగే. మనిషి బరువును ఆపగల ఆ తీగను పట్టుకుని వాగు మధ్యలో నిలబడినప్పుడు, అరచేతిలో దాని గరుకుతనం ఎంత ధైర్యమిచ్చేదో మాటల్లో చెప్పలేను.

ఆ కొండల్లో నేను నేర్చుకున్న ప్రయాణంలో సగం నడక, సగం కూర్చోవడం. గడియారం చూసుకుని బయలుదేరినవాళ్ళను వాగులు తీసుకుపోయిన సంగతులు ప్రతి పల్లెలోనూ విన్నాను. మా తరువాత వచ్చిన కుర్ర ఉద్యోగులకు నేను మొదట చెప్పిన మాట కూడా పచ్చాకును గురించే.

*

పల్లె అంటే పది గుడిసెలు, ఒక్కొక్కప్పుడు నాలుగే. ఆ నెలల్లో తలుపులు మూసి ఉండేవి. జనమంతా పైన పోడుల్లో మంచెలు వేసుకుని, జొన్న, సామ చేలకు అడవిపందుల కాపలా కాస్తూ ఉండేవారు. అందుచేత పల్లె చేరడంతో పని తీరేది కాదు, అక్కడినుంచి మరో కొండ ఎక్కాలి. మంచె కింద దుప్పటి కప్పుకుని వణుకుతున్న మనిషి వేలు తుడిచి, సూదితో పొడిచి, ఒకే పలక మీద ఒక దళసరి పూత, ఒక పలుచని పూత తీసేవాణ్ణి. పెద్దవాళ్ళకు నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మింగించి, చేదు పోవడానికి బెల్లం ముక్క పెట్టేవాళ్ళం. ఆ చెమ్మలో పూత ఆరేది కాదు. పొయ్యి దగ్గర పెడితే తొందరగా ఆరుతుంది గానీ, సెగ ఎక్కువైతే దళసరి పూత గాజుకు కరుచుకుని ప్రయోగశాలలో పనికిరాకుండా పోతుంది. పక్కన పెడితే చీమలు వచ్చి రక్తాన్ని నాకేసేవి. అందుకని పలకలను పళ్ళెంలో పెట్టి, ఆ పళ్ళేన్ని నీళ్ళ గిన్నెలో తేల్చి, అవి ఆరేదాకా మేలుకుని కూర్చునేవాణ్ణి. ఆ రాత్రుల్లో విన్న వాన ఇంకెక్కడా వినలేదు. అది ముందు ఎదుటి కొండ మీద మొదలయ్యేది. వెదురాకుల మీద జల్లు నడిచివస్తున్న చప్పుడు లోయలోకి దిగి, మా వైపు ఎక్కి, చివరకు మా కప్పు మీదికి చేరేది. వాన రావడాన్ని ముందు చెవితో, తరువాత ఒంటితో తెలుసుకునేవాళ్ళం.

మా డాక్టరుగారు ఒకసారి చెప్పిన మాట నన్ను చాలాకాలం వదల్లేదు. మా ఊళ్ళో దోమ అంటే మురుగుగుంట గుర్తుకొస్తుంది. కొండల్లో మలేరియాను మోసే ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మాత్రం గడ్డి అంచున మెల్లగా పారే తేటనీటి ఊటల్లో గుడ్లు పెడుతుంది. ఏ నీటిని చూసి దోసిలి పట్టి తాగాలనిపిస్తుందో ఆ నీటిలోనే జ్వరం పుడుతోందన్నమాట. తొలకరి ఉధృతిలో గుడ్లు కొట్టుకుపోతాయి. వానలు తగ్గి వాగులు తేరుకోగానే దోమలు పెరుగుతాయి. ఎర్రటి వరద చూసి భయపడే నేను, అప్పటినుంచి తేటనీటి అంచున కూడా ఆగి చూడడం అలవాటు చేసుకున్నాను. ఒక మంచె దగ్గర మాత్రలు ఇచ్చివచ్చిన పసిదాన్ని, వాగులు అడ్డం పడి పన్నెండు రోజులకు గాని మళ్ళీ చూడలేకపోయాను. వెళ్ళేసరికి ఆ మంచె ఖాళీగా ఉంది. దాన్ని గురించి ఇంతకంటే రాయలేను.

తిండి సంగతి చెప్పాలి. ఆ నెలల్లో వాళ్ళ గాదెలు ఖాళీ. మామిడిటెంకలను పగలగొట్టి లోపలి జీడిని దంచి, బుట్టలో పోసి పారే నీటిలో రోజుల తరబడి నాననిచ్చి, చేదు వదిలాక అంబలి కాచేవారు. చేదు పూర్తిగా వదలని టెంకంబలితో కడుపులు చెడి మంచాన పడ్డవాళ్ళనూ చూశాను. అయినా ఇంటికి వచ్చినవాడికి ముందు పెట్టి, మిగిలింది తాము తినే మర్యాద ప్రతి గడపలోనూ ఉండేది. లేత వెదురు కొమ్ములను సన్నగా తరిగి వండిన కూర, సామ అన్నం, పుట్టగొడుగులు దొరికిన రోజు పండుగే. మా అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ పెద్దాయన ఇంట్లో నాలుగు రోజుల్లో ఖాళీ అయ్యేది. బదులుగా ఆయన భార్య మా అమ్మకు తేనె, కొండపసుపు పంపేది. ఒకసారి ఆ మూటలో గుండ్రటి గింజలు గుప్పెడు కనిపించాయి. చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను, చిల్లగింజలు. మర్నాడు పెద్దాయన నన్ను ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. నల్లటి బెరడుతో వాలులో నిలబడిన ఆ చెట్టు కింద నేను చాలాసేపు ఉండిపోయాను. ఏ కొండమట్టి మా కుండను ఎర్రబరుస్తోందో, ఆ మట్టిని దింపే గింజ కూడా ఆ కొండ మీదే కాస్తోంది. అప్పటికి మా నాయనమ్మ లేదు.

*

1986 ఆగస్టులో ముసురు విడవలేదు. పోడు దగ్గరి గుడిసెలో ఇరుక్కుపోయి, పెద్దాయన కుటుంబంతో కలిసి పొయ్యి చుట్టూ కూర్చున్న రోజులవి. మారేడుమిల్లి ఘాటు రోడ్డుకు అవతల పడిన వాన శబరి నదికి, ఇవతల పడింది సీతపల్లి వాగు మీదుగా నేరుగా గోదావరికి పోతుందని లెక్కలు చెప్పుకుంటూ ఉండేవాళ్ళం. ఆ నీరు ఎక్కడికి చేరుతోందో నా తలకు తట్టనే లేదు. పల్లెలో ఒకరి దగ్గర ఉన్న రేడియోలో ప్రాంతీయ వార్తలు వస్తే తెలిసింది. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకు మూడో హెచ్చరిక ఇస్తే, ఆనాడు అంతకు రెట్టింపుగా, 35 లక్షల దాకా నీరు సముద్రం వైపు పోయింది. కోనసీమలో గట్లు తెగాయని చెబుతూండగా రేడియోలో గరగర మొదలై మాట వినిపించలేదు.

నేను లేచి వాకిట్లోకి వచ్చాను. ఎదుట కొండవాలు నిండా తెల్లటి ధారలు ఉరుకుతున్నాయి. అప్పటిదాకా వాటిని అందంగా ఉన్నాయని చూశాను. పెద్దాయన వచ్చి నా పక్కన నిలబడి, చాలాసేపటికి "మా వాన మీ ఇంటికి పోయిందా సారూ" అన్నాడు. ఆ గొంతులో తప్పు తనదే అన్నంత బాధ ఉంది. ఆనాడు ఆయన నన్ను కూర్చోమనలేదు. మర్నాడు వెలుగు రాగానే గిడుగు నెత్తిన పెట్టి, వాగులు ఎక్కడ తీస్తాయో ఎక్కడ తీయవో వెదికివెదికి, కొండ నడుముల మీదుగా తిప్పి నన్ను రంపచోడవరం దాకా దింపి వెళ్ళాడు.

ఇంటికి చేరేసరికి నీరు లాగింది. అమ్మ, చెల్లెలి పిల్లలు బడి మేడ మీద తలదాచుకుని బతికిపోయారు. ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. నాయనమ్మ కుండ అడుగున బెత్తెడు మిగిలే ఆ మెత్తటి ఎర్రమట్టే ఇప్పుడు వంటింటి గట్టు దాకా పరుచుకుంది. అరుగు స్తంభానికి ఒక వెదురు ముక్క చిక్కుకుని ఉంది, వేరు దగ్గర కొత్తగా తెగిన గుర్తుతో. ఏ వాలునుంచి తెగివచ్చిందో ఎవరు చెప్పగలరు! నేను ఆ ముక్కను పారేయలేకపోయాను. అమ్మ దాన్నే బట్టల దండేనికి వాడుకుంది.

*

వానల్లో ఇంకో దారి కూడా ఉండేది. ఘాటు మీద చెట్లు పడి మారేడుమిల్లి దారి మూసుకుంటే, చింతూరు మీదుగా కూనవరం చేరి, గోదావరి మరీ పొంగనప్పుడు లాంచీలో రాజమండ్రి వచ్చేవాణ్ణి. కూనవరంలో శబరి వచ్చి కలిసేచోట రెండు నీళ్ళూ రెండు రంగుల్లో కొంతదూరం పక్కపక్కనే నడిచేవి. పాపికొండల మధ్యకు వచ్చేసరికి నది ఇరుకై, సరంగు మాట తగ్గించి చుక్కాని మీదే కళ్ళు పెట్టేవాడు. ఇరువైపులా మబ్బు కొండ నడుము దాకా దిగి ఉండేది. ఎక్కడపడితే అక్కడ పేరులేని జలపాతాలు నదిలోకి దూకుతూండేవి. పేరంటాలపల్లి రేవులో ఆగినప్పుడు ఇంజను ఆపితే, నీటి చప్పుడు మూడు వైపులనుంచీ వినిపించేది. దేవీపట్నం దాటి, కొండలు వెనకబడి, నది హఠాత్తుగా వెడల్పు కాగానే లాంచీలోని మా డెల్టావాళ్ళందరం ఒక్కసారిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టేవాళ్ళం. బల్లపరుపు నేల మా గుండెలకు అంత చనువు.

ఆ రేవుల్లో చాలావాటికి ఇప్పుడు ఊళ్ళు లేవు. పోలవరం నీటి నిల్వ కోసం దేవీపట్నం వైపు పల్లెలు ఖాళీ అయి, జనం మెరకకు కట్టిన కాలనీలకు తరలిపోయారు. ఘాటు రోడ్డు వెడల్పయింది. వానాకాలం వస్తే మా ఊరి కుర్రవాళ్ళే మోటారుసైకిళ్ళ మీద మారేడుమిల్లి వెళ్ళి, బొంగులో చికెన్ తిని, గుడిస కొండ మీద మబ్బుల్లో ఫోటోలు దిగి సాయంత్రానికి తిరిగి వస్తున్నారు. వెళ్ళేవాళ్ళకు వాగుల్లో దిగవద్దని చెబుతాను, పచ్చాకు సంగతి చెబుతాను. విన్నవాళ్ళు కొందరున్నారు.

పెద్దాయన పోయి పదేళ్ళు దాటింది. ఆయన కొడుక్కి ఇప్పుడు ఫోను ఉంది, తొలి వాగు వచ్చిన రోజున తప్పకుండా నాకు చేస్తాడు. మొన్న రాత్రి కూడా చేశాడు. "వాగొచ్చింది బాబాయ్, మీకు చెప్పమని నాన్న అనేవాడు గదా" అని, ఇంకేం మాట్లాడాలో తోచక ఫోను వాకిలి వైపు పట్టుకున్నాడు. సిగ్నలు తెగుతూ అతుకుతూ ఉంది. వెదురాకుల మీద నడిచివస్తున్న వాన వినిపించింది, దాని వెనక, లోతుగా, రాళ్ళ గుడగుడ.

అక్కడి నీరు గోదావరిలో పడి, ధవళేశ్వరం దాటి, మా పాయకు రావడానికి వ్యవధి ఉంటుంది. డబ్బాలో నాలుగు చిల్లగింజలు మిగిలి ఉన్నాయి. ఇవాళ రేవునుంచి ఒక బిందెడు తెచ్చి, ఒక గింజ అరగదీసి మూత పెట్టాను.